తొక్కతో సహా తినే కాయ: ఐడహో బఠాణీ, మన ఓరుగల్లు చిక్కుడు

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల మొదలైంది. వరంగల్ దగ్గర ఒక ఊరి నుంచి డిగ్రీ చదివే తమ్ముడు పంపాడు. ఉన్నది ఉన్నట్టు చదువుతా. "అన్నా, మాకు ఎకరంన్నర ఉంది. బావి ఉంది. షుగర్ స్నాప్ పీస్ అని వీడియోలల్ల చూసిన. హైదరాబాద్‌ల పెద్ద షాపులల్ల మస్తు రేటు ఉందట. ఏద్దామంటే మా నాయిన ఒప్పుకుంటలేడు. గది మన పంట కాదు రా అంటుండు. నువ్వేమంటవ్?"

తమ్మీ, నేను వ్యవసాయ అధికారిని కాదు. చరిత్ర చెప్పుకునేవాణ్ణి. కానీ మీ నాయిన అన్న మాట ఉంది చూశావా, "మన పంట కాదు" అని, అది నిజానికి చరిత్ర ప్రశ్నే. ఏ పంటైనా మనది ఎప్పుడవుతుంది? ఎవరు తెస్తే అవుతుంది? ఎన్నేళ్లు పడుతుంది?

ముందు ఈ షుగర్ స్నాప్ అంటే ఏందో తెలవాలి కదా. బఠాణీ మనకు కొత్త కాదు. సినిమా హాల్ బయట, జాతరలో, రైల్లో పొట్లం కట్టి ఇచ్చే వేయించిన బఠాణీలు తినని వాళ్ళు ఎవరున్నారు? అయితే మనం ఎక్కువగా ఎరిగింది ఎండు గింజనే. పచ్చి బఠాణీ చాలావరకు ఉత్తరాది నుంచి వస్తుంది. ఎండు పసుపు బఠాణీ అయితే కెనడా నుంచి ఓడలెక్కి వస్తుంది. 2017 నవంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వం బఠాణీ దిగుమతి మీద 50 శాతం సుంకం వేస్తే అక్కడి రైతులు గోల పెట్టారు. 2023 డిసెంబర్‌లో పసుపు బఠాణీ మీద ఆ సుంకం ఎత్తేస్తే ఇక్కడి కంది, శనగ రైతులు గోల పెట్టారు. మనం పొట్లంలో తినే గింజ వెనుక ఇంత కథ ఉంటది.

బఠాణీ పుట్టిల్లు పశ్చిమాసియా. ఇప్పటి సిరియా, టర్కీ, ఇరాక్ ప్రాంతాల్లో దాదాపు పది వేల ఏళ్ల కిందట గోధుమ, బార్లీలతో పాటు సాగులోకి వచ్చింది. దాని కాయను మామూలుగా తొక్కతో తినలేం. ఎందుకంటే తొక్క లోపలి వైపు ఒక గట్టి పొర ఉంటుంది, పలచటి కాగితంలాగా. నమిలితే నోట్లో పీచు మిగులుతుంది. ఆ పొర లేని మొక్కలు అప్పుడప్పుడు పుడుతుంటాయి. వాటిని మనుషులు గమనించి, గింజ దాచి, మళ్ళీ వేసి, తొక్కతో సహా తినే బఠాణీ తయారు చేసుకున్నారు. చైనీస్ నూడుల్స్‌లో పలచగా, చదునుగా కనపడే కాయ అదే.

ఇక్కడ మీకు తెలిసిన మనిషి ఒకడు వస్తాడు. పదో తరగతి బయాలజీ గుర్తుందా? మెండెల్. 1856 నుంచి 1863 దాకా బర్నో అనే ఊళ్ళో మఠం తోటలో బఠాణీలు పెంచాడు కదా. ఆయన చూసిన ఏడు లక్షణాల్లో కాయ ఆకారం ఒకటి. కాయ ఉబ్బినట్టు ఉందా, గింజల మధ్య నొక్కుకుపోయిందా అని. నొక్కుకుపోయిన కాయ అంటే ఆ లోపలి గట్టి పొర లేని కాయ. రెండో తరంలో 882 మొక్కలకు ఉబ్బిన కాయలు, 299 మొక్కలకు నొక్కుకుపోయిన కాయలు వచ్చాయి. అదే ఆ 3:1. మనం పరీక్ష కోసం బట్టీ పట్టిన లెక్క అసలు కూర వండుకునే కాయ గురించి అని నాకు పదో తరగతిలో ఎవ్వరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో రెండు మార్కులు వచ్చేవేమో.

సరే, పలచటి తొక్క కాయ దొరికింది. కానీ అందులో కండ లేదు. అమెరికాలో ఐడహో రాష్ట్రం, ట్విన్ ఫాల్స్ అనే ఊళ్ళో ఒక విత్తనాల కంపెనీలో పనిచేసే కాల్విన్ లాంబోర్న్ అనే ఆయన ఆ పలచటి కాయను, తొక్క బాగా మందంగా ఉన్న ఒక వింత బఠాణీ మొక్కతో కలిపాడు. ఏళ్ల తరబడి ఏరి ఏరి, చివరికి మందంగా, తియ్యగా, పటుక్కున విరిగే కాయ తీశాడు. 1979లో అది ఆల్ అమెరికా సెలక్షన్స్ అనే విత్తనాల పోటీలో బహుమతి గెలిచింది. షుగర్ స్నాప్ అంటే ఇదే. అంటే ఈ కూరగాయ వయసు మీ నాయిన వయసుకు కొంచెం అటూ ఇటూ అన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మీ ఇంట్లో అవ్వ ఉంటే అడగండి, అనుములకూ చిక్కుడుకూ తేడా ఏందని. అనుములంటే గింజ కోసం. కాయ తొక్క గట్టిగా ఉంటుంది, ఒలిచి పారేయాల్సిందే. గింజ పచ్చిగా వండుకుంటారు, ఎండబెట్టి గుగ్గిళ్ళు చేసుకుంటారు. రాయలసీమ వాళ్ళు అనపకాయ అంటారు, గింజను నానబెట్టి పొట్టు పితికి పితికిపప్పు చేస్తారు. దాని మీద వాళ్ళకున్న ప్రేమ ముందు మనం ఓడిపోతాం, ఒప్పుకోవాలి. చిక్కుడు అంటే కాయ కోసం. ఈనె తీసి తొక్కతో సహా కూరలో వేస్తాం. కానీ ఈ రెండూ ఒక్క జాతి మొక్కే. శాస్త్రవేత్తల లెక్కలో రెండింటికీ ఒకే పేరు. ఒకటి ఒలుచుకునేది, ఇంకొకటి తొక్కతో తినేది. బఠాణీ విషయంలో ఐడహోలో జరిగిన పనే చిక్కుడు విషయంలో మన దేశంలో ఎప్పుడో జరిగిపోయింది. కాకపోతే దానికి పోటీ లేదు, బహుమతి లేదు, చేసినవాళ్ళ పేర్లు లేవు. నా అంచనా ఏందంటే, వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళే అయ్యుండాలి. ఏ పాదు కాయ లేతగా ఉడికింది, ఏది పీచు తేలింది అన్నది వండేవాళ్ళకే కదా ముందు తెలిసేది. మంచి కాయను చెట్టు మీదనే ఎండనిచ్చి, గింజను బూడిదలో కలిపి, కుండలో పెట్టి దాచింది కూడా వాళ్ళే.

సరే, అయితే చిక్కుడు పక్కా మన పంటేనా? ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. చిక్కుడు అడవి జాతి ఆఫ్రికాలో ఉంది. మన దక్కనులో తొలి రైతుల ఆనవాళ్ళు బళ్ళారి పక్కన సంగనకల్లు లాంటి చోట్ల బయటపడ్డాయి. అక్కడి బూడిదలో, మట్టిలో మాడిపోయిన గింజలు ఏరి చూస్తే ఉలవలు, పెసలు ముందు కనపడతాయి. అవి ఇక్కడి సొంత పంటలు. చిక్కుడు గింజ వాటి తర్వాత, సుమారు మూడున్నర వేల ఏళ్ల కిందట వచ్చి చేరింది. అంటే చిక్కుడు కూడా ఒకప్పుడు సముద్రం దాటి వచ్చిన చుట్టమే.

ఇంకో ఉదాహరణ మీ కళ్ళ ముందే ఉంది. వరంగల్ చపాటా మిర్చి. లావుగా, గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువ, రంగు ఎక్కువ. టమాటా మిర్చి అని కూడా అంటాం. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఈ నేలది ఈ పంట అని దేశం ముద్ర వేసింది. మిర్చి ఎక్కడిది? అమెరికా ఖండాలది. పోర్చుగీసు ఓడలు రాకముందు కాకతీయ రాజులకు కూడా మిరపకాయ తెలియదు. రుద్రమదేవి కూరలో కారం అంటే మిరియమే. ఐదు వందల ఏళ్లలో అది మన పంట అయిపోయింది, ముద్ర కూడా పడింది.

కాబట్టి తమ్మీ, పుట్టుక సంగతి పక్కన పెడదాం. ఎక్కడ పుట్టింది అన్నది అడ్డు కాదు. మరి ఏది అడ్డు?

మొదటిది ఎండ. రథసప్తమి రోజు ఇంట్లో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి చిన్న రథం చేస్తారు. పరమాన్నం చిక్కుడు ఆకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం ఇస్తారు. ఎందుకు చిక్కుడే? పూజ సంగతి పెద్దవాళ్ళు చెప్తారు, నేను పంట సంగతి చెప్తా. మన నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. వానాకాలం మొదట్లో గింజ వేసినా, పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్ళు తీగ పందిరి ఎక్కుతూనే ఉంటది తప్ప పూత పట్టదు. దసరా దాటి పగలు కురచ అయ్యాక పూత మొదలు. సంక్రాంతికి, మాఘ మాసానికి పందిరి నిండా కాయ. రథసప్తమి అప్పుడే వస్తుంది. ఏ పుస్తకంలో రాసుకోకపోయినా, ఆ పండుగలో పంట క్యాలెండర్ దాగి ఉంది. ఈ మధ్య పొద్దుతో పని లేకుండా ఎప్పుడు వేసినా కాసే పొద చిక్కుళ్ళు వచ్చాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. వాటి వల్ల ఎండాకాలం కూడా చిక్కుడు దొరుకుతోంది. రుచి అదే ఉందా అంటే, మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి.

బఠాణీకి కావాల్సింది చలి. 15, 20 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. 30 దాటితే పూత రాలుతుంది, కాయలో గింజ సరిగ్గా నిండదు. వరంగల్‌లో డిసెంబర్ పగలు కూడా 28, 30 దాకా పోతుంది. నేను ఒకసారి హన్మకొండలో డాబా మీద షుగర్ స్నాప్ వేశాను. ఆన్‌లైన్‌లో కొన్న ప్యాకెట్. ఏ నెలలో వేయాలో దాని మీద రాసి లేదు, "అన్ని కాలాల్లో" అని మాత్రం రాసి ఉంది. సెప్టెంబర్‌లో వేశాను. మొక్క బారెడు పెరిగింది, పూసింది, పూత మొత్తం నేల మీద. ఇరవై కుండీలకు గుప్పెడు కాయలు. ఆ గుప్పెడు మాత్రం చాలా తియ్యగా ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

రెండోది ఎండ కంటే పెద్ద విషయం. అంగడి.

కూరగాయ పండించేవాడు బతకాలంటే దగ్గర్లో పట్నం ఉండాలి. ఓరుగల్లుకు ఆ లెక్క పాతదే. కాకతీయుల నాటి శాసనం ఒకటి ఇక్కడి అంగట్లో ఏ సరుకు మీద ఎంత సుంకమో చెప్తుంది. అందులో బియ్యం, గోధుమలు, నువ్వులు, చింతపండు, మామిడి, కొబ్బరికాయలతో పాటు కూరగాయలు కూడా ఉన్నాయి. అంటే ఎనిమిది వందల ఏళ్ల కిందటే కూరగాయ అమ్మకం సర్కారు లెక్కలోకి ఎక్కేంత పెద్దది. క్రీడాభిరామం అనే పుస్తకంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఒక్క రూక ఇస్తే పూటకూళ్ళ ఇంట్లో పెసరపప్పు, నాలుగైదు నంజుళ్ళతో భోజనం దొరుకుతుందని అందులో ఉంటుంది. ఇప్పటి మెస్ లాంటిదే. ఆ పూటకూళ్ళ ఇంటికి పొద్దున్నే ఎవరో గంప ఎత్తుకొని కూరగాయలు తెచ్చి ఉంటారు కదా. వాళ్ళ గురించి కవి రాయలేదు.

నిజాం కాలంలో భూమి లెక్క రాసేటప్పుడు ఖుష్కి, తరి, బాగాత్ అని రాసేవాళ్ళు. ఖుష్కి వాన మీద బతికే చెలక. తరి చెరువు కింద వరి. బాగాత్ అంటే బావి నీళ్ళతో తోట. మన కూరగాయ పుట్టింది ఈ బాగాత్ భూముల్లో, మోట బావుల పక్కన. మీ పహాణీ పాతది ఇంట్లో ఉంటే తీసి చూడండి, ఆ మాటలు కనపడొచ్చు.

తర్వాత కథ మీ నాయినకు తెలిసిన కథ. 1980ల నుంచి వరంగల్ జిల్లా పత్తి జిల్లా అయింది. తెల్ల బంగారం అన్నారు. కూరగాయ పాదులున్న బావుల కింద కూడా పత్తి వచ్చింది. విత్తనం అప్పు, మందు అప్పు, అదే దుకాణం వాడికి పత్తి అమ్మకం. 1997-98లో వానలు తేడా కొట్టాయి, లద్దె పురుగు విరుచుకుపడింది, ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. ఆ ఒక్క ఏడాది వరంగల్ జిల్లాలో రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతా పోయాయి. ఉమ్మడి రాష్ట్రంలో వందల కుటుంబాలు ఆరిపోయాయి. మీ నాయినకు అప్పుడు ఇరవై ఏళ్ళు ఉండొచ్చు. ఎవరో బయట నుంచి వచ్చి "మస్తు రేటు ఉంది" అని చెప్పిన పంట ఏం చేసిందో ఆయన కళ్ళతో చూసి ఉంటాడు. "మన పంట కాదు" అని ఆయన అంటున్నప్పుడు బఠాణీ గురించే అంటున్నాడని నేను అనుకోను.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. పత్తి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వస్తే. చిక్కుడు డబ్బు నాలుగైదు రోజులకోసారి వస్తుంది. కోత కోత్తుంటే మళ్ళీ పూస్తుంది, మళ్ళీ కాస్తుంది. ఒక కోతకు రేటు పడిపోతే ఇంకో కోతకు లేస్తుంది. ఉప్పు, పప్పు, పిల్లల బస్ పాస్ దీంతో వెళ్ళిపోతాయి. ఊళ్ళలో అడగండి, కూరగాయ పైసలు ఇంట్లో ఆడవాళ్ళ చేతికి వస్తాయి, పత్తి పైసలు మగవాళ్ళ చేతికి వస్తాయి. అన్ని ఇళ్ళలో కాదు గానీ చాలా ఇళ్ళలో.

కానీ ఆ గంప పట్నం చేరాక ఏమవుతుంది? అక్కడ అడ్తి ఉంటాడు. కమీషన్ పట్టుకుంటాడు, తరుగు పట్టుకుంటాడు, హమాలీ పట్టుకుంటాడు. పత్తి, మిర్చి అయితే రేటు లేకపోతే ఇంటికి తీసుకుపోయి నాలుగు రోజులు ఆగొచ్చు, లేదా కోల్డ్ స్టోరేజీ ఉంది. ఎనుమాముల మార్కెట్ అంతా ఆ సరుకుల మీదే నడుస్తుంది. చిక్కుడు గంప ఆగదు. మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ సంగతి కొనేవాడికి తెలుసు, అందుకే పొద్దెక్కేకొద్దీ రేటు తగ్గిస్తూ పోతాడు.

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలైంది ఈ సమస్య మీదే. అంతకు ముందు పంజాబ్‌లో అప్నీ మండీలు ఉండేవి, అదే ఏడాది చివర్లో తమిళనాడులో ఉళవర్ సందై వచ్చాయి. పద్ధతి సింపుల్. రైతుకు గుర్తింపు కార్డు. కాంటా ఉచితం. కమీషన్ లేదు. పొద్దున్నే అధికారులు, రైతులు కలిసి హోల్‌సేల్ రేటుకు కొంచెం ఎక్కువ, బయటి రేటుకు కొంచెం తక్కువగా రేటు కట్టి బోర్డు మీద రాస్తారు. ఊళ్ళ నుంచి గంపలతో రావడానికి ఆర్టీసీ బస్సులు నడిపారు. మన హన్మకొండ రైతు బజార్‌లో ఆ బోర్డు మీరు చూసే ఉంటారు, చూసి దాటిపోయి ఉంటారు. రైతు కార్డు మీద దళారులు కూర్చుంటున్నారు అన్న ఫిర్యాదు ఆ రోజుల నుంచీ ఉంది, ఇవాళ్టికీ ఉంది. అయినా సరే, తను పండించిన కాయకు తనే రేటు చెప్పే చోటు ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

ఇప్పుడు షుగర్ స్నాప్‌ను ఆ బోర్డు ముందు నిలబెట్టండి. రేటు ఏం రాస్తారు? బోర్డు మీద దాని పేరే ఉండదు. అది కొనేవాడు వరంగల్ రైతు బజార్‌కు రాడు, హైదరాబాద్‌లో ఏసీ షాపుకు పోతాడు. అక్కడికి చేరాలంటే కోసిన గంటల్లో చల్లబరచాలి. ఎందుకంటే కోయగానే అందులో చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది, మరుసటి రోజుకు "షుగర్" పేరులోనే మిగులుతుంది. చల్లటి బండి కావాలి, కొనే ఒప్పందం కావాలి. రోజు విడిచి రోజు కోయాలి, ఒక్క రోజు ఆలస్యమైతే గింజ ముదిరి కాయ పనికిరాదు. ఆ కోత ఎవరు కోస్తారు? మీ అమ్మ, మీ చెల్లె, లేదంటే కూలీకి వచ్చే అక్కలు. వీడియోల్లో ఎకరానికి ఇంత లాభం అని చెప్పే లెక్కల్లో ఇంట్లోవాళ్ళ కూలీ ఎప్పుడూ సున్నా ఉంటది, గమనించండి.

అయితే వద్దంటావా అన్నా, అంటావేమో. అనను. మిర్చిని వద్దనుకొని ఉంటే మన ముత్తాతలకు చపాటా ఉండేదా? కొత్త గింజను మన పాతవాళ్ళు ఎట్లా తెచ్చుకున్నారో ఊహించు. పొలమంతా దున్ని వేయలేదు. బావి గట్టు మీద, పెరట్లో నాలుగు పాదులు పెట్టారు. తిన్నారు, గింజ దాచారు, పక్కింటికి ఇచ్చారు. నువ్వూ ఒక గుంట తీసుకో. కార్తీకం వెళ్ళేలోపు, చలి ముదిరేటప్పుడు వెయ్యి. ఎకరంన్నరలో అరవై గుంటలుంటాయి, ఒక్క గుంటకు మీ నాయిన కాదనడు. పక్కనే పందిరికి చిక్కుడు ఎక్కించు. నువ్వే కొయ్యి, అమ్మతో కోయించకు. ఏ రోజు ఎన్ని కిలోలు, ఎన్ని గంటలు పట్టింది, ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, రెండింటికీ ఫోన్‌లో రాసి పెట్టు. కాయ దిగితే మొదటి దోసెడు మీ నాయినకే తినిపియ్యి, తొక్కతో సహా.

మాఘ మాసంలో ఆ లెక్క నాకు పంపించు, పేరు చెప్పకుండా చదువుతా. మిగతా అందరికీ ఒక పని. మీ అవ్వ దగ్గర, అమ్మమ్మ దగ్గర చిక్కుడు గింజలు ఎన్ని రంగుల్లో ఉన్నాయి, వాటిని ఏ పేర్లతో పిలుస్తారు, అడిగి ఫోటో తీసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్ మోట బావుల గురించి. అక్కడ ఆ గింజలతో మళ్ళీ పని పడుతుంది. ఉంటా.